సుగ్గి బాటలో షుగర్

దీపావళి దాటగానే కర్నూలు పడమటి మండలాల్లో ఊళ్ళు ఖాళీ అవడం మొదలవుతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం, హొళగుంద, హాలహర్వి, ఆస్పరి, దేవనకొండ... ఏ పక్కకు పోయినా ఇదే వరస. బియ్యం మూటలు, వంట సామాన్లు, దుప్పట్లు, బడి మాన్పించిన పిల్లలు, వీలైతే నాలుగు కోళ్ళు. అన్నింటినీ ఎక్కించుకుని ఐచర్లు, బొలెరోలు గుంటూరు, పల్నాడు మిరప చేలకు బయల్దేరతాయి. ఇంకొందరు సిరుగుప్ప వైపు, తుంగభద్ర దాటి రాయచూరు, సింధనూరు వైపు పోతారు. గద్వాల పత్తి చేలకు కొందరు, బెంగళూరు, హైదరాబాదు బిల్డింగు పనులకు కొందరు. సుగ్గికి పోవడం అంటారు దీన్ని. మళ్ళీ ఊరి మొహం చూసేది ఉగాదికే.

పత్రికలకు ఇది ఏటా రాసే వార్తే. తాళం వేసిన తలుపు, అరుగు మీద ముసలమ్మ. ఫొటో కూడా పెద్దగా మారదు. మారింది మూటల్లోని సరుకు. పాలిథిన్ కవర్లో చుట్టి బియ్యం పక్కన దోపిన షుగర్ మాత్రలు ఇప్పుడు చాలా మూటల్లో ఉంటున్నాయి. అవి నెలకు సరిపోతాయి. పోయేదేమో మూడు నాలుగు నెలలకు. మిగతా నెలలు ఏం జరుగుతోందన్నది ఆరోగ్యశాఖ ఇంతవరకూ సీరియస్‌గా వేసుకోని ప్రశ్న.

"కూలోళ్ళకు షుగరేంది?" అన్న మాట ఊళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. పొద్దంతా ఎండలో ఒళ్ళు వంచే మనిషికి, పొట్టయినా లేని మనిషికి ఈ జబ్బు ఎక్కడినుంచి వస్తుందని అనుమానం. ఇది కూర్చుని తినేవాళ్ళ జబ్బు అన్న నమ్మకం చదువుకున్నవాళ్ళలోనూ గట్టిగానే ఉంది. లెక్కలు చూస్తే ఆ నమ్మకం నిలవదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు పైబడిన ఆడవాళ్ళలో 13.5 శాతం, మగవాళ్ళలో 15.6 శాతం మందికి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు అయిదుగురిలో ఒకరు. 2023 జూన్‌లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారని తేల్చింది. మన రాష్ట్రంలోనే, ఇంకా ఇరవై ఏళ్ళ కిందటే, గోదావరి జిల్లాల పల్లెల్లో జరిగిన పరిశీలనలో 30 ఏళ్ళు దాటినవాళ్ళలో సుమారు 13 శాతం మందికి షుగర్ బయటపడింది. అందులో సగం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు.

గోదావరి జిల్లాలంటే నీళ్ళున్న నేల, వరి తిన్న నేల అనొచ్చు. కరువు సీమకు ఆ లెక్క వర్తిస్తుందా? వర్తించడమే కాదు, ఆకలికీ షుగర్‌కూ ఉన్న చుట్టరికం వల్ల ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో, 1987-90 మధ్య కొన్ని ఊళ్ళ గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీ ఆహారం అందింది, కొన్ని ఊళ్ళకు ఇంకా అందలేదు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు పదిహేనేళ్ళ తర్వాత వెళ్ళి, ఎదిగిన ఆ పిల్లలను పరీక్షించారు. తల్లి కడుపులోనూ పసితనంలోనూ ఆ పిడికెడు పిండి అందిన పిల్లల్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయిన సంగతి ఇది. కడుపులో బిడ్డగా ఉన్నప్పుడు పస్తున్న ఒళ్ళు, నడివయసులో మూడు పూటలా తెల్లన్నం పడితే తట్టుకోలేదు. నాటి కొరత, నేటి పిండిపదార్థం ఒకే మనిషిలో కలిసిన చోట షుగర్ పుడుతుంది.

దీనికి తోడు ఎముకలు తేలిన మనుషుల్లో వచ్చే మరో రకం ఉంది. చాలా ఏళ్ళు వైద్య పుస్తకాలు దాన్ని ఒప్పుకున్నట్టే ఒప్పుకుని పక్కన పెట్టేశాయి. కడప, చిత్తూరు జనం పెద్ద జబ్బొస్తే రైలెక్కే వేలూరు సీఎంసీలోనే దానిమీద పని జరిగింది. అక్కడి వైద్యులు అమెరికా పరిశోధకులతో కలిసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, బక్కపలచని ఈ రోగుల్లో ఇన్సులిన్ పనిచేయకపోవడం కాదు, తయారవడమే తక్కువని తేలింది. 2025 ఏప్రిల్‌లో బ్యాంకాక్ మహాసభలో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీన్ని టైప్-5 అని గుర్తించింది. కోసిగిలో, చిప్పగిరిలో ఒక బక్క మనిషి ఆకలి, దాహం, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవడం అని చెప్పుకుంటే "నీకు షుగర్ ఎందుకుంటుంది, వేడి చేసుంటుంది" అని పంపేయడానికి ఇక వీల్లేదు. బరువు తగ్గమనీ, రోజూ నడవమనీ చెప్పడానికీ వీల్లేదు. మిరప చేలో పన్నెండు గంటలు నిలబడ్డ మనిషికి వాకింగ్ రాసిచ్చే డాక్టర్లు ఉన్నారు. ఓట్స్, ఆపిల్ ఉన్న డైట్ చార్టు కూడా దానికి పిన్ను కొట్టి ఇస్తారు.

సీమ తిండి ఎప్పుడు మారిందో తెలియని విషయం కాదు. పడమట జొన్న రొట్టె, కొర్రన్నం, తూర్పున రాగి సంగటి. వరన్నం పండగకో పెళ్ళికో. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆకలిని తీర్చింది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడేవాడికి కరువు తెలియదు. అయితే నలభై ఏళ్ళలో అదే బియ్యం పొయ్యి మీద మిగతా గింజలన్నింటినీ పక్కకు నెట్టింది. చేలో జొన్న, కొర్ర పోయి వేరుశనగ, పత్తి, మిరప వచ్చాయి. 2023లో సీమ జిల్లాల రేషన్‌లో బియ్యానికి బదులు రాగులు, జొన్నలు ఇచ్చే పని మొదలైంది. మంచి ఆలోచనే. కానీ జొన్న రొట్టెకు కట్టెలు కావాలి, పెనం కావాలి, తట్టే తీరిక కావాలి. తెల్లవారుజామున నాలుగింటికి గుడారం ముందు మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, మధ్యాహ్నానికి కూడా కలిపి వండి, ఆరింటికి చేలో దిగాల్సిన ఆడమనిషి బియ్యమే వండుతుంది. పక్కన పచ్చిపులుసో, కారమో. పప్పు ఉన్న రోజు మంచి రోజు. చిరుధాన్యాల ప్రచారం ఈ పొయ్యి దగ్గరకు ఇంకా రాలేదు.

ఇక్కడే ఒక విడ్డూరం చూడాలి. 2019 ఆగస్టులో ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు పథకాన్ని మొదట ప్రయోగించిన చోట్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. 2022 నాటికి దేశమంతా చేరింది. కర్నూలు కార్డుతో గద్వాలలో బియ్యం తెచ్చుకోవచ్చు, రాయచూరులో తెచ్చుకోవచ్చు. వేలిముద్ర పడితే చాలు. పస్తు ఉండకూడదు కాబట్టి అది కావలసిందే. కాకపోతే షుగర్ ఉన్న మనిషి వెంట సరిహద్దు దాటి వచ్చేది బియ్యం ఒక్కటే. ఆ బియ్యం తిన్నాక వేసుకోవలసిన మాత్ర మాత్రం సొంతూరి సబ్‌సెంటర్లోనే ఉండిపోయింది.

ఊళ్ళో ఏర్పాటు లేదని కాదు. 2008 నుంచి 104 వాహనాలు నెలకోసారి పల్లెకు వస్తున్నాయి. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ విధానం వచ్చాక డాక్టరు ఊరికి రావడం మరింత పెరిగింది. విలేజ్ క్లినిక్‌లో బీపీ, షుగర్ చూస్తారు, మాత్రలు ఉచితం. ఇంటింటికీ తిరిగి ముప్పై దాటినవాళ్ళ పేర్లు రాసుకుంటున్నారు. కానీ ఈ యంత్రాంగం మొత్తం ఒక నమ్మకం మీద కట్టింది: రోగి ఊళ్ళోనే ఉంటాడు. సుగ్గి నెలల్లో ఆ నమ్మకం తప్పు. నర్సమ్మ తలుపు దగ్గరకొచ్చి చూస్తుంది, తాళం. సర్వే భాషలో అది డోర్ లాక్. రోగి ఎటు పోయాడో, మాత్ర ఉందో లేదో రాసుకునే గడి ఏదీ ఆమె చేతిలోని ట్యాబ్‌లో ఉండదు. పోయేముందు "నర్సమ్మా, వచ్చే నెలవి గూడా ఇయ్యి, మేము ఊర్లో ఉండము" అని అడిగినవాళ్ళకు వచ్చే జవాబు ఎవరూ ఊహించగలిగేదే. నెలకు వచ్చిన స్టాకు నెలకే. ఆమె తప్పేమీ లేదు. ఇండెంట్ పెట్టే తీరే అంత.

చేలో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. మాత్రలు అయిపోయాయి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వచ్చారు కాబట్టి మధ్యలో ఊరికి పోవడం కుదరదు. అక్కడి పీహెచ్‌సీ పొద్దున తొమ్మిదికి తెరిచి సాయంత్రం మూసేలోపు వీళ్ళు చేలోనే ఉంటారు. పూట పోతే కూలి పోతుంది. రాయచూరు వైపు పోయినవాళ్ళకు భాష కొంత తెలిసినా, పుస్తకం, కార్డు, పాత చీటీ అడిగితే చూపడానికి ఏమీ ఉండదు. కొందరు దగ్గర్లోని మందుల షాపులో "షుగర్ బిళ్ళ" అని అడిగి, ఇచ్చింది వేసుకుంటారు. ఊళ్ళో వాడింది మెట్‌ఫార్మిన్ కావచ్చు, ఇక్కడ ఇచ్చింది గ్లిమెపిరైడ్ కావచ్చు. మొదటిది ఒక్కటే వాడితే సాధారణంగా చక్కెరను ప్రమాదకరంగా దించదు. రెండోది, అలాగే సర్కారు ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి వాడుకలో ఉన్న గ్లిబెన్‌క్లమైడ్, తిండి తినకుండా పనిచేస్తే దించేస్తాయి. పొద్దున మాత్ర వేసుకుని, అన్నం ఆలస్యమై, ఎండలో పదకొండింటికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి పడిపోయిన మనిషిని చూసి తోటి కూలీలు ఎండదెబ్బ అనుకుంటారు. మొహాన నీళ్ళు చల్లుతారు. అప్పుడు కావలసింది రెండు చెంచాల చక్కెరో, బెల్లం ముక్కో. ఆ ఒక్క మాట చెప్పి పంపినవాళ్ళు లేరు.

ఒళ్ళు నొప్పులు మరో దారి. రోజంతా వంగి కోసిన నడుముకు సాయంత్రం గుడారాల దగ్గరకొచ్చే ఆర్ఎంపీ సూది వేస్తాడు. తెల్లారేసరికి నొప్పి మాయం. ఆ సూదిలో చాలాసార్లు ఉండేది డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్. అది చక్కెరను ఒక్కసారిగా ఎగదోస్తుంది. మాత్ర లేని నెలలో ఈ సూదులు నాలుగు పడితే ఏమవుతుందో డాక్టర్లకు చెప్పనక్కర్లేదు. కాళ్ళ సంగతీ ఇంతే. తిమ్మిరెక్కిన పాదానికి ముల్లు దిగినా తెలియదు, తెగిన చెప్పు ఒరిసినా తెలియదు. నల్లరేగడి మట్టిలో పుండు వారం రోజుల్లో లోతుకు పోతుంది. అలాంటి పాదాలు చివరికి చేరేది కర్నూలు పెద్దాసుపత్రికే. రాయచూరు, బళ్ళారి, గద్వాల, ప్రకాశం జిల్లాల నుంచి కూడా రోగులొచ్చే ఆ ఆసుపత్రి ఎప్పటినుంచో మూడు రాష్ట్రాల సరిహద్దు ఆసుపత్రిగా పనిచేస్తోంది. పేరుకు మాత్రం ఒక జిల్లాది, నిధులు ఒక రాష్ట్రానివి.

ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళ కష్టం వేరు. కర్నూలు, నంద్యాల ఎండలు 42, 43 డిగ్రీలు దాటే నెలల్లో ఫ్రిజ్ లేని ఇంట్లో ఆ సీసాను ఎక్కడ పెట్టాలి? పెద్ద కుండలో తడి ఇసుక పోసి, దాంట్లో చిన్న కుండ దించి, సీసాను అందులో నీడన పెడితే బయటి వేడికంటే చాలా డిగ్రీలు చల్లగా ఉంటుంది. సీమ డాక్టర్లు కొందరు ఈ చిట్కా చెప్పి పంపుతారు. ఖర్చు రెండు కుండలు. ఇది ఇన్సులిన్ ఇచ్చే ప్రతి కేంద్రంలో గోడమీద బొమ్మ వేసి పెట్టాల్సిన సంగతి.

ఇదంతా చేయడం చేతకాక ఆగిందని అనుకోలేం. మనిషి వెంట మందు నడవడం ఈ దేశంలో ఇప్పటికే జరుగుతోంది. క్షయ రోగికి నిక్షయ్ నెంబరు ఉంటుంది. కోసిగిలో మొదలైన చికిత్సను బెంగళూరులో కొనసాగించవచ్చు, బదిలీ చేసే పద్ధతి ఉంది. హెచ్ఐవీ మందుల కేంద్రాలు ఊరు మారేవాళ్ళకు నెలల మందు ఒకేసారి ఇస్తాయి. పింఛను సంగతి చూడండి. ఊళ్ళో లేక రెండు నెలలు తీసుకోలేకపోయినా, మూడో నెల కలిపి ఇచ్చే ఏర్పాటును రాష్ట్ర ప్రభుత్వం 2024 చివరలో తెచ్చింది. వలసలను అర్థం చేసుకున్న నిర్ణయం అది. సమగ్ర శిక్ష కింద ఇదే పడమటి మండలాల్లో సీజనల్ హాస్టళ్ళు నడుస్తున్నాయి. తల్లిదండ్రులు సుగ్గికి పోయిన పిల్లలు బడి మానకుండా ఉండటానికి. అంటే ఏ ఊళ్ళో ఏ ఇళ్ళు ఎప్పుడు ఖాళీ అవుతాయో విద్యాశాఖ దగ్గర జాబితా ఉంది. అదే వీధిలోని విలేజ్ క్లినిక్‌కు ఆ జాబితా ఎందుకు చేరదు?

ఇంటికి మందు చేర్చడంలో పొరుగు రాష్ట్రాలు ముందున్నాయి. తమిళనాడు 2021 ఆగస్టులో 'మక్కళై తేడి మరుత్తువం' మొదలుపెట్టింది. జనాన్ని వెతుక్కుంటూ వైద్యం వెళ్ళాలన్నది దాని ఉద్దేశం. దాన్ని ప్రారంభించింది తెలుగు మాట్లాడేవాళ్ళు బాగా ఉన్న కృష్ణగిరి జిల్లాలోనే. బీపీ, షుగర్ మాత్రలు ఇంటి గడపకు వస్తాయి. 2024లో దాన్ని ఫ్యాక్టరీల దాకా, కార్మికులు పనిచేసే చోటిదాకా విస్తరించారు. కర్ణాటక 2024లో 'గృహ ఆరోగ్య' పేరుతో కోలారు జిల్లాలో ఇలాంటిదే ప్రారంభించింది. మనకు పనికొచ్చేది తమిళనాడు రెండో అడుగు. తాళం వేసిన ఇంటికి మందు తెచ్చి లాభం లేదు. సత్తెనపల్లి, పెదనందిపాడు చుట్టూ డిసెంబరు నుంచి మార్చి దాకా గుడారాలు ఎక్కడ పడతాయో అక్కడి వ్యవసాయ శాఖకూ తెలుసు, మేస్త్రీలకూ తెలుసు. 104 వాహనం రాత్రి ఏడు గంటలకు ఆ గుడారాల దగ్గర ఆగితే చాలు. పగలు ఆగితే కోళ్ళూ, పసిపిల్లలూ తప్ప ఎవరూ ఉండరు.

కడపకు వచ్చేసరికి సరిహద్దు దూరం పెరుగుతుంది. రాజంపేట, రాయచోటి, బద్వేలు, పులివెందుల పల్లెల్లో కువైట్ అన్నది పక్క ఊరి పేరంత మామూలు మాట. మగవాళ్ళు డ్రైవర్లు, వంటవాళ్ళు. ఆడవాళ్ళు ఎక్కువగా ఇళ్ళల్లో పనికి. ముప్పై దాటిన ఆడవాళ్ళకే ఇంటిపనికి అనుమతి అన్న నిబంధన వల్ల, షుగర్ మొదలయ్యే వయసులోనే వీళ్ళు విమానం ఎక్కుతారు. అసలు చిక్కు ఎక్కకముందే మొదలవుతుంది. గల్ఫ్ దేశాల వైద్య పరీక్షలో అదుపులో లేని షుగర్ అన్‌ఫిట్ కింద లెక్క. ఏజెంటుకు అప్పు చేసి కట్టిన డబ్బు, ఇంటిమీద పెట్టుకున్న ఆశ ఆ ఒక్క రిపోర్టు మీద ఆధారపడతాయి. అలాంటప్పుడు షుగర్ ఉన్నదన్న మాట ఎవరు పైకి చెబుతారు? జబ్బును దాచడం అక్కడే అలవాటవుతుంది. పోయాక కూడా ఆ అలవాటు పోదు, సేఠు ఇంట్లో తెలిస్తే తిప్పి పంపేస్తారని.

కువైట్ వైద్యం లేని దేశమేమీ కాదు. పెద్దవాళ్ళలో దాదాపు పావువంతు మందికి మధుమేహం ఉన్న దేశం అది. 2006లో దస్మాన్ మధుమేహ సంస్థను కట్టుకుంది. 2015 నాటి 68వ నెంబరు చట్టం ఇంటిపనివాళ్ళకు మందు, వైద్యం యజమాని బాధ్యత అంటోంది. ఇంటి తలుపు లోపల ఆ చట్టం ఎంత దూరం నడుస్తుందన్నది యజమాని మంచితనాన్ని బట్టి. 2022 డిసెంబరులో విదేశీయుల మందులకు క్లినిక్‌లో 5 దినార్లు, ఆసుపత్రి ఓపీలో 10 దినార్లు రుసుము పెట్టారు. నెలకు వందో నూట ఇరవయ్యో దినార్లు సంపాదించే మనిషి దాన్ని ఇంటికి పంపే డబ్బుతో తూచుకుంటుంది. అందుకే మాత్రలు కడప నుంచే పోతాయి. సెలవుకు వచ్చి తిరిగి పోయే చుట్టం పెట్టెలో, ఊరగాయ సీసా, మసాలా పొడుల మధ్య. ఎయిర్‌పోర్టులో డాక్టరు చీటీ లేని మందులు పట్టుకుంటే ఇబ్బంది అని తెలిసినవాళ్ళు తక్కువ. ఆ చుట్టం రాని ఆరు నెలలు ఆమె మాత్ర లేకుండానే ఉంటుంది. పదేళ్ళకో పదిహేనేళ్ళకో ఇల్లు కట్టి, పిల్ల పెళ్ళి చేసి తిరిగొచ్చేసరికి కళ్ళు మసక, కాళ్ళు మంట, క్రియాటినిన్ ఎక్కువ. ఊళ్ళో సర్వేలో ఆమె పేరు కొత్త కేసుగా ఎక్కుతుంది. అది కొత్తది కాదు.

ఇదే అవస్థ అమెరికా-మెక్సికో సరిహద్దులో ఎప్పటినుంచో ఉంది. ఈ శతాబ్దం మొదట్లో రెండు దేశాలూ కలిసి, పాన్ అమెరికన్ హెల్త్ ఆర్గనైజేషన్ సాయంతో, సరిహద్దుకు రెండు పక్కలా ఒకే పద్ధతిలో షుగర్ సర్వే చేశాయి. పెద్దవాళ్ళలో 15 శాతానికి పైగా మందికి మధుమేహం ఉందని తేలింది. గీతకు ఇటూ అటూ తేడా పెద్దగా లేదు. ఆ తర్వాత ఊరి ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తలుగా పెట్టారు. మనకు ఆశాలు ఉన్నారు కాబట్టి అందులో కొత్తగా నేర్చుకునేది తక్కువ. నేర్చుకోవలసింది ఇంకోటి. 2003లో మెక్సికో తన కాన్సులేట్లలో ఆరోగ్య కిటికీలు తెరవడం మొదలుపెట్టింది. పాస్‌పోర్టు పనిమీద వచ్చి వరసలో కూర్చున్నవాళ్ళకు, కాగితాలు ఉన్నా లేకున్నా, అక్కడే షుగర్, బీపీ చూస్తారు. ఏ క్లినిక్‌కు పోవాలో చెబుతారు. ఇప్పుడు అమెరికాలోని దాదాపు యాభై కాన్సులేట్లలో ఆ కిటికీ ఉంది.

కువైట్‌లో దాదాపు పది లక్షల మంది భారతీయులున్నారు. పాస్‌పోర్టు రెన్యువల్‌కు ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు పాస్‌పోర్టు కేంద్రానికి రావలసిందే. ఇంటిపని చేసే ఆడమనిషి ఒంటరిగా బయటకు వచ్చే అరుదైన రోజు అది. అక్కడ ఒక బల్ల, ఒక గ్లూకోమీటరు, తెలుగు తెలిసిన ఒక నర్సు ఉంటే చాలు. అక్కడి ఇండియన్ డాక్టర్స్ ఫోరం ఇప్పటికే వైద్య శిబిరాలు పెడుతోంది. రాయబార కార్యాలయం అడిగితే వాళ్ళు కాదనరు. ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఈ పనికి పూనుకుంటే, కడపలో పోయేముందు ఇచ్చే అవగాహన తరగతిలోనే మందుల చీటీ ఎలా రాయించుకోవాలో, ఏ మాత్ర ఎంత తీసుకుపోవచ్చో చెప్పొచ్చు. కడప కలెక్టరేట్‌కూ, కువైట్‌లోని మన ఎంబసీకీ మధ్య ఇప్పుడు నడిచే ఉత్తరాలు చాలావరకు శవపేటికల గురించి, దెబ్బలు తిన్న ఆడవాళ్ళ గురించి. అవి ఎలాగూ నడవాలి. వాటి పక్కన మాత్రల గురించి కూడా ఒక ఫైలు నడవడం పెద్ద విషయం కాదు.

డబ్బు ఎక్కడుందని అడగొచ్చు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పటి నుంచి మన రాష్ట్రంలో ఆరోగ్యం మీద రాజకీయమంతా ఆపరేషన్ల చుట్టూ తిరిగింది. పేరు మారింది, ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, వరస మారలేదు. 2019 నవంబరు నుంచి బెంగళూరు, హైదరాబాదు, చెన్నైల్లోని ఆసుపత్రులకూ ఆ కార్డు చెల్లడం మొదలైంది. సరిహద్దు దాటి గుండెకు స్టెంటు వేయించుకోవచ్చు. సరిహద్దు దాటి ఆ గుండెకు జబ్బు రాకుండా చూసే మాత్ర తీసుకోలేం. కిడ్నీలు పాడై డయాలసిస్‌కు చేరిన రోగికి ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఇవ్వాల్సిందే. రోజుకు రెండు మెట్‌ఫార్మిన్ మాత్రలు, నూట ఇరవై రోజులకు, బయట జనరిక్ షాపులో కొన్నా అయిదొందలు కావు. ప్రభుత్వం టోకున కొంటే ఇంకా తక్కువ. రాజకీయంగా మాత్రకు బొమ్మ లేదు. నాలుగు నెలల మాత్రల పొట్లంతో ఏ నాయకుడూ ఫొటో దిగడు.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. దసరాకు ముందు పడమటి మండలాల విలేజ్ క్లినిక్‌లకు సుగ్గి ఇండెంట్ అని వేరే పెట్టించి, పోయేవాళ్ళ చేతికి నాలుగు నెలల మాత్రలు, వెంట తెలుగులోనూ కన్నడంలోనూ రాసిన ఒక చీటీ ఇవ్వాలి. మందు పేరు, మోతాదు, చివరి రీడింగు, కళ్ళు తిరిగితే బెల్లం పెట్టమన్న మాట. ఓపీ చీటీలోనే 'సుగ్గికి పోతారా?' అని ఒక గీత ఉంటే డాక్టరు తిండి తప్పినా ప్రమాదం లేని మందు రాయగలడు. డిజిటల్ ఆరోగ్య ఖాతా అయిన అబా నెంబరు ఉన్నవాళ్ళకు ఉంది, లేనివాళ్ళకు ఆ చీటీయే అబా. కర్నూలు, రాయచూరు, బళ్ళారి, గద్వాల కలెక్టర్లు నీళ్ళ కోసం, ఎన్నికల కోసం కలుస్తూనే ఉంటారు. ఒక సమావేశంలో ఈ నాలుగు జిల్లాల పీహెచ్‌సీలు ఒకరి చీటీని ఇంకొకరు మన్నించాలని రాసుకుంటే సరిపోతుంది. ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళను మరిచిపోకూడదు. వాళ్ళకు మాత్ర తెచ్చిపెట్టే కొడుకూ కోడలూ సుగ్గికి పోయారు. ఆశా కార్యకర్త ఆ ఇళ్ళకు వారానికోసారి పోవడం ఆ నాలుగు నెలలకైనా లెక్కలోకి రావాలి, దానికి పైకం కట్టాలి.

జిల్లా అంతా ఒకేసారి కుదరకపోతే ముందు మూడు మండలాల్లో చేసి చూడొచ్చు. కోసిగి, హొళగుంద, మంత్రాలయం. పోయేముందు ఒకసారి, ఉగాదికి తిరిగొచ్చాక ఒకసారి హెచ్‌బీఏ1సీ పరీక్ష చేస్తే మాత్ర పనిచేసిందో లేదో తెలిసిపోతుంది. మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష అది. సుగ్గి కూడా సుమారు అంతే.